పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య: హైస్కూల్లో ఆటిజం ఉన్న బిడ్డకు ఆసరా

ప్రశ్న: నేను నెల్లూరు జిల్లా విడవలూరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఆరో తరగతి బి సెక్షన్‌కు క్లాస్ టీచర్‌ని. మొత్తం 43 మంది పిల్లలు. వాళ్లలో ఒక బిడ్డకు ఆటిజం. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కూడా ఉంది. ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో ఐదేళ్లూ పెద్ద ఇబ్బంది లేకుండా చదివాడట. తెలుగు చక్కగా చదువుతాడు, లెక్కలు నోటితోనే చేసేస్తాడు, నోట్స్ మాత్రం రాయడు. మా దగ్గరికి వచ్చినప్పటి నుంచి గంట కొడితే చెవులు మూసుకుంటాడు. రెండు మూడు పీరియడ్లు కాగానే లేచి బయటికి పరుగెత్తుతాడు. బడి వెనక రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి అందించేందుకు తిరిగే చక్రాలను, ఏరియేటర్లను, చూస్తూ నిలబడిపోతాడు. తుఫాను సెలవుల తర్వాత ఇది మరీ ఎక్కువైంది. పోయిన వారం భోజనాల లైన్లో ఎవరో తోస్తే పక్కవాడి చెంప గీరాడు. వాళ్ల అమ్మానాన్నలు వచ్చి గొడవ చేశారు. మా హెచ్ఎం గారు మంచివారే, కానీ "రోజూ భవిత కేంద్రానికి పంపిద్దాం, హాజరు ఇక్కడ వేద్దాం" అంటున్నారు. భవిత అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే కేంద్రం. ఆ బిడ్డ తల్లి రోజంతా వరండాలో కూర్చుంటోంది. నాకు స్పెషల్ ఎడ్యుకేషన్ ట్రైనింగ్ లేదు. రేపటి నుంచి నేనేం చేయగలను?

జవాబు: టీచర్ గారూ, మీరు రాసినవాటిలో ముందు చూడాల్సింది నోట్సూ కాదు, చెంప గీరడమూ కాదు. రొయ్యల గుంట. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందిని నీళ్లు లాగుతాయి. చెప్పకుండా వెళ్లిపోయే ఈ పిల్లలకు ప్రాణాపాయం ఎక్కువగా నీళ్ల దగ్గరే. గుంట గట్టు లోపలికి వాలుగా ఉంటుంది. అడుగున షీటు పరిచిన గుంటయితే పాచి పట్టి పెద్దవాళ్ల కాలు కూడా నిలవదు. ఏరియేటర్లకు కరెంటు తీగలుంటాయి. కాబట్టి మిగతాదంతా ఎల్లుండి మొదలుపెట్టినా ఫరవాలేదు, ఇది మాత్రం రేపే చేయండి.

బడి వెనక గోడకు సందు ఉంటే కంపతోనైనా సరే మూయించండి. గేటు దగ్గర ఇంటర్వెల్‌కూ భోజనానికీ ఎవరు నిలబడతారో పేరు రాసి స్టాఫ్ రూమ్‌లో అంటించండి. "అందరం చూస్తుంటాం" అనుకుంటే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది. గుంటల యజమానినీ, కాపలా మనిషినీ కలిసి, తల్లిదండ్రుల అనుమతితో బిడ్డ ఫొటో చూపించి, మీ నంబరూ హెచ్ఎం గారి నంబరూ ఇవ్వండి. బిడ్డ కనబడితే కేకలు వేస్తూ వెంటపడొద్దని, గట్టు మీద అతనికీ నీళ్లకీ మధ్య నిలబడి మీకు ఫోన్ చేయమని చెప్పండి. వెంటపడితే ముందుకే పరుగెత్తుతాడు, ముందున్నది నీళ్లు. చొక్కా జేబులో ఇంటి నంబరు రాసిన కార్డు ఉండాలి. తరగతిలో కనబడకపోతే మొదట గుంట దగ్గర చూడాలి. బాత్రూములూ, చెట్టు కిందా, ఇల్లూ ఆ తర్వాత. ఈ వరస స్టాఫ్ అందరికీ తెలిసి ఉండాలి. వేసవి సెలవుల్లో వీలైతే ఈత నేర్పించమని వాళ్ల నాన్నకు చెప్పండి. పరుగెత్తుతాడని గదిలో పెట్టి గడియ మాత్రం వేయకండి. అలా చేస్తే బిడ్డ ఆ గది దగ్గరికీ, బడి దగ్గరికీ కూడా రాడు.

ఇక, ఎందుకు పరుగెత్తుతున్నాడు? మీ ఉత్తరంలోనే జవాబు సగం ఉంది. మొదటి పీరియడ్‌లో కాదు, రెండు మూడు పీరియడ్ల తర్వాత అన్నారు. అంటే పాఠం అంటే ఇష్టం లేక కాదు, భారం పోగై పోగై ఒకచోట పొర్లుతోంది. ప్రాథమిక పాఠశాలలో ఒకే గది, ఒకరో ఇద్దరో టీచర్లు, నలభై యాభై మంది పిల్లలు. హైస్కూల్లో రోజుకు ఎనిమిది పీరియడ్లు, ఆరేడుగురు టీచర్లు. ఒక్కొక్కరి గొంతు ఒక్కో తీరు, బోర్డు మీద రాత ఒక్కో తీరు, అడిగే పద్ధతి ఒక్కో తీరు. ప్రార్థన, ఇంటర్వెల్, భోజనం కలుపుకుంటే రోజుకు పది పన్నెండు సార్లు లోకం మారిపోతుంది. పాఠం జరుగుతున్నంతసేపూ ఒక పద్ధతి ఉంటుంది. ఒక టీచర్ వెళ్లి ఇంకొకరు వచ్చే ఆ మూడు నాలుగు నిమిషాల్లో ఏ పద్ధతీ ఉండదు. బెంచీల చప్పుడు, 43 మంది అరుపులు, రేకుల కప్పు కింద గంట మోత. ఇలాంటి పిల్లవాడు హైస్కూల్లో కుదురుకోలేకపోతున్నాడంటే నూటికి తొంభై పాళ్లు చిక్కు ఈ మధ్య నిమిషాల్లోనే ఉంటుందని మా అభిప్రాయం. కానీ స్టాఫ్ మీటింగుల్లో మాట్లాడేదంతా పాఠాల గురించే.

ఏరియేటర్ల దగ్గరికి ఎందుకు వెళ్తున్నాడో కూడా ఆలోచించండి. ఒకే వేగంతో తిరిగే చక్రం, ఒకే లయలో చప్పుడు, మనుషులు లేని చోటు. తన నరాలను తానే కుదుట పరచుకుంటున్నాడు. ఆ విశ్రాంతి నిజంగానే కావాలి, ఆ చోటు మాత్రం ప్రమాదం. కాబట్టి అదే విశ్రాంతిని బడి లోపల, పరుగెత్తక ముందే ఇవ్వాలి.

దానికి మూడు రోజులు ఒక నోట్‌బుక్ పెట్టండి. లేచిన ప్రతిసారీ ఐదు విషయాలు రాయండి: టైము, ఏ పీరియడ్, దానికి ముందు ఏం జరిగింది, అతనేం చేశాడు, ఆ తర్వాత మనమేం చేశాం. మూడో రోజుకి ఒక వరస కనబడుతుంది. సాధారణంగా పదకొండుంపావు ప్రాంతంలో లేస్తున్నాడనుకోండి, పదకొండింటికి విరామం ఇవ్వండి. లేచాక ఇస్తే, లేస్తేనే దొరుకుతుందని నేర్చుకుంటాడు. మొదట పూటకు రెండు విరామాలు, ఒక్కొక్కటి ఏడెనిమిది నిమిషాలు. ఒకవేళ లేచేది ఎప్పుడూ హిందీ పీరియడ్‌లోనే అని తేలితే, అప్పుడు భారం హిందీది. దారి వేరుగా చూడాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 17లో రెండో భాష, మూడో భాష నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కూడా రాసి ఉంది. ఆ తలుపు ఉందని తెలిస్తే చాలు, ఆరో తరగతిలోనే తీయక్కర్లేదు.

విరామానికి చోటు మీ చేతిలోనే ఉంది: బయాలజీ ల్యాబు. బీరువా పక్కన ఒక మూల, గోడ వైపు కుర్చీ, కింద చాప, దగ్గర్లో తిరిగే టేబుల్ ఫ్యాన్. ఫ్యాన్‌కు జాలీ తప్పనిసరి. యాసిడ్ సీసాలూ గాజు సామానూ తాళం వేసిన బీరువాలో ఉండాలి. ఇసుక గడియారమో వంటింటి టైమరో పెట్టి, అయిపోగానే తిరిగి రావాలని చూపించండి. వెంట ఆయమ్మ వెళ్లాలి. ఆమె లేని రోజున ఎవరు వెళ్తారో ముందే అనుకోండి. అతని జేబులో చేతి వెడల్పు కార్డు ఒకటి ఉంచండి, దాని మీద "నాకు విరామం కావాలి" అని ఉండాలి. ఆ కార్డు టీచర్ బల్ల మీద పెడితే చాలు, నోటితో అడగనక్కర్లేదు. కంగారు ఎక్కువైనప్పుడు ఈ పిల్లలకు ముందుగా పోయేది మాటే. మామూలప్పుడు చక్కగా మాట్లాడే బిడ్డ ఆ క్షణంలో ఒక్క ముక్క పలకలేడు. మొదటి రెండు వారాలు కార్డు రోజుకు పదిసార్లు పెట్టవచ్చు. నిజంగా పంపుతారా అని చూసుకుంటున్నాడన్నమాట. పంపండి. నమ్మకం కుదిరాక తగ్గుతుంది. ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. అల్లరి చేశాడని కార్డు లాక్కోవడం ఒకటి, ల్యాబుకు పంపి "ఎలాగూ ఖాళీయే, హోంవర్క్ చెయ్" అనడం ఇంకొకటి. రెండింటితోనూ కార్డు చచ్చిపోతుంది, మళ్లీ గుంట గట్టే గతి.

రెండో పని, రోజు పట్టీ. బాగా చదువుతాడు కాబట్టి బొమ్మలు అక్కర్లేదు, మాటలు చాలు. అడుగు పొడవు, నాలుగంగుళాల వెడల్పు అట్టముక్క మీద ప్రార్థన నుంచి ఇంటి గంట దాకా వరసగా రాయండి. ప్రతి వరసలో సబ్జెక్టు, టీచర్ పేరు, ఏ గది. విరామాలు కూడా అందులోనే ఉండాలి. పక్కన బట్టల క్లిప్పు ఒకటి పెడితే, పీరియడ్ అయిన కొద్దీ తనే కిందికి జరుపుకుంటాడు. డెస్కు మీద ఒకటి, ఇంట్లో ఒకటి. టీచర్ సెలవు పెడితే ఆ వరస మీద ఎర్ర అట్టతో "మార్పు" అని పెట్టి, బదులు ఏమిటో రాయాలి. "ఈ పీరియడ్ లేదు" అని వదిలేస్తే ఖాళీలోకి తోసినట్టే. మొదటి మార్పులు అతనికి నచ్చేవి కావాలి, ఇంగ్లిష్ బదులు లెక్కలు లాంటివి. మార్పు అంటే చెడే కాదని అలా అలవాటవుతుంది.

మన జిల్లాకు ఈ పట్టీ ఇంకో కారణంతో కూడా అవసరం. మనకు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టగానే రాత్రికి రాత్రి కలెక్టర్ గారు సెలవు ప్రకటిస్తారు, అది రెండ్రోజులో నాలుగ్రోజులో ఎవరికీ తెలియదు. మనకు అది సెలవు. ఈ బిడ్డకు మాత్రం పొద్దున లేచేసరికి రోజు మాయమైపోవడం. ఇంటి పట్టీ పక్కన ఒక కార్డు పెట్టించండి, ఒకవైపు "బడి", ఇంకోవైపు "వాన సెలవు". రాత్రి కబురు రాగానే అమ్మ తిప్పాలి. బడి తెరిచే రోజు ఎలా ఉంటుందో మీ నుంచి ఫోన్లో రెండు మాటలు వస్తే ఇంకా మేలు. తెరిచిన మొదటి రోజు అందరికంటే పదిహేను నిమిషాలు ముందు వచ్చి, ఖాళీ తరగతిలో తన చోట కూర్చోవాలి. తుఫాను తర్వాత ఎక్కువైందని మీరు రాసింది ఇందువల్లే కావచ్చు. మార్చి మధ్యలో వచ్చే ఒంటిపూట బడులకు వారం ముందే కొత్త పట్టీ ఇవ్వండి.

గంట సంగతి చిన్నదే. మీ తరగతి దాని పక్కనే ఉంటే తరగతినో గంటనో మార్చమని హెచ్ఎం గారిని అడగండి. కరెంటు గంటయితే పది సెకన్లు మోగేదాన్ని మూడు సెకన్లకు తగ్గించవచ్చు. అతనికి గడియారం కనబడే చోటు ఇచ్చి, గంట ఎన్నింటికి మోగుతుందో పట్టీలో రాయండి. ముందే తెలిసిన శబ్దం సగమే బాధిస్తుంది. ఫ్యాక్టరీల్లో పెట్టుకునే చెవి కప్పులు గంటకూ, ప్రార్థనలో మైకుకూ డ్రమ్ముకూ, భోజనాలకూ చాలు. రోజంతా పెడితే చెవులు ఇంకా సున్నితమవుతాయి. ప్రార్థనలో స్పీకరుకు దూరంగా లైను చివర నిలబెట్టండి. అదీ కష్టమైతే ప్రార్థన అయ్యాక తరగతికి రానివ్వండి, దానివల్ల పోయేదేమీ లేదు.

భోజనాల లైను దగ్గరికి వద్దాం. చాలామంది ఆటిజం పిల్లలకు ఊహించని తాకిడి, మనకు వేడి తగిలినట్టు తగులుతుంది. వెనక నుంచి తోస్తే చెయ్యి దానంతటదే లేస్తుంది. కోపంతో కొట్టింది కాదు. పరిష్కారం సులువు. భోజనం గంటకు రెండు నిమిషాలు ముందు, ఒక స్నేహితుడితో కలిపి పంపండి. మొదట వడ్డించుకుని, గోడ వైపు చివరి చోట కూర్చుంటాడు. మధ్యాహ్న భోజనంలో రోజుకొక వంట కాబట్టి, ఆ రోజు మెనూ కూడా పట్టీలో రాయండి. ఒట్టి అన్నం, గుడ్డు మాత్రమే తింటే తిననివ్వండి. సాంబారు అన్నంలో కలిపి పెట్టకుండా, పళ్లెంలో పక్కగా వడ్డించమని వంటమ్మకు చెప్పండి. కలిస్తే మొత్తం వదిలేసి ఆకలితో మధ్యాహ్నం కూర్చుంటాడు, మధ్యాహ్నం గొడవల్లో చాలా వాటికి ఆకలే కారణం.

గీరించుకున్న పిల్లవాడి అమ్మానాన్నలను మీరే పిలవండి. గాయం అయిందన్నది తేలిక చేయకండి. "మీ బిడ్డకు దెబ్బ తగిలింది, అది మా లైను సరిగా లేక జరిగింది, ఇప్పటి నుంచి లైను ఇలా మార్చాం" అని చెప్పండి. గీరిన బిడ్డకు ఏముందో, అతని ఇంటివాళ్లు ఒప్పుకోకుండా చెప్పకూడదు. అతని తల్లి చేత అందరి ముందు క్షమాపణ చెప్పించవద్దు. ఇంకొకటి జాగ్రత్తగా చూడండి. అతను ఉలిక్కిపడితే సరదా అని, వెనక నుంచి నోటితో గంట మోత మోగించే పిల్లలు ఏ తరగతిలోనైనా ఒకరిద్దరు ఉంటారు. టీచర్‌కు కనబడేది చివరి దెబ్బ మాత్రమే. తోడుగా ఒక్కరినే పెట్టకండి. సాధారణంగా ఏ బుద్ధిమంతురాలైన అమ్మాయి మీదో ఆ బరువు పడి, ఆమె చదువు కుంటుపడుతుంది. ముగ్గురు నలుగురిని అడిగి, ఇష్టపడితే వారానికొకరిని మార్చండి.

మిగతా టీచర్లకు ఉపన్యాసం కంటే ఒక్క పేజీ కాగితం మేలు. మీరూ, తల్లీ కూర్చుని రాయండి, ప్రతి టీచర్ చదివి సంతకం పెట్టాలి. అందులో ఏముండాలి? అతనికి వచ్చినవి మొదట, ఇబ్బందులు తర్వాత. కార్డు పెడితే పంపాలి, ప్రశ్నించకూడదు. కళ్లలోకి చూడమని బలవంతం చేయకూడదు, కిటికీ వైపు చూస్తూ కూడా వింటాడు. పేరు పిలిచి, ఒకసారికి ఒకే పని చెప్పాలి. చెప్పాక మనసులో పది లెక్కపెట్టాలి. పది సెకన్లు తరగతిలో చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా ఆగాలి. మళ్లీ చెప్పాల్సి వస్తే అవే మాటలతో చెప్పాలి. మాటలు మారిస్తే అతనికి అది కొత్త పని, మొదటి నుంచి మొదలవుతుంది. "పుస్తకం తీయవా?" అంటే ప్రశ్న అనుకుని ఊరుకుంటాడు, "42వ పేజీ తియ్" అనాలి. "తోలు తీస్తా", "నోరు కుట్టేస్తా", "చెవులు కోస్తా" మనకు ఊతపదాలు. మాటను మాటగానే తీసుకునే బిడ్డకు అవి నిజమైన బెదిరింపులు, రాత్రి నిద్ర పట్టదు. మీరు అడిగిన ప్రశ్ననే తిరిగి మీకే అప్పజెబితే వెక్కిరింత కాదు, అర్థం చేసుకునే వ్యవధి తీసుకుంటున్నాడు.

నోట్స్ రాయకపోవడానికి బద్ధకం కారణం కాదు. బోర్డు వైపు తల ఎత్తి, గుర్తుపెట్టుకుని, తల దించి, వేళ్లు అదుపులో పెట్టుకుని రాస్తూ, అదే సమయంలో మీరు చెప్పేది వినాలి. అవి నాలుగు పనులు. వినడాన్నీ రాయడాన్నీ విడదీయండి. బాగా రాసే పిల్లల నోట్స్ జిరాక్స్ తీయించి, పేజీకి ఐదు ముఖ్యమైన మాటలు వైట్‌నర్‌తో చెరిపి ఇవ్వండి, పాఠం వింటూ ఆ ఐదూ నింపుతాడు. నెల తర్వాత ఎనిమిది, ఆపైన పది. హోంవర్క్ మూడో వంతు చాలు, పది లెక్కల్లో మూడు. నోటితో చేసిన లెక్కకు దారి చూపలేదని సున్నా వేయకండి. "నువ్వు ఏ మెట్టు మీద నుంచి ఎక్కావో రాయి" అని ఒక లెక్కకు మాత్రం అడగండి. మీ సబ్జెక్టులో ఏరియేటర్ మీకు పెద్ద సాయం. నీళ్లలో ఆక్సిజన్ ఎలా కలుస్తుంది, రొయ్య మొప్పలతో ఎలా పీలుస్తుంది, కరెంటు పోతే రాత్రిళ్లు రొయ్యలు ఎందుకు తేలతాయి. వీటికి తరగతి మొత్తంలో అతనే బాగా జవాబు చెప్పే రోజు వస్తుంది. ఆ రోజు మిగతా 42 మందీ అతన్ని చూసే చూపు మారుతుంది. ఇష్టమైన విషయాన్ని పాఠానికి తలుపు చేసుకోండి. "రాస్తేనే ఏరియేటర్ గురించి మాట్లాడనిస్తా" అనే బేరం పెట్టకండి.

ఎన్ని చేసినా ఒక రోజు అరుస్తాడు, చెయ్యి కొరుక్కుంటాడు. అప్పుడు మాటలు తగ్గించండి. మిగతా పిల్లలను బయటికి తీసుకుపోవడం, అతన్ని లాక్కుపోవడం కంటే తేలిక. అందుకు క్లాస్ లీడర్‌కు ముందే ఒక సైగ నేర్పి ఉంచండి. పట్టుకోకండి. తల గోడకు కొట్టుకుంటుంటే మధ్యలో సంచో దిండో అడ్డం పెట్టండి. రెండు చేతుల దూరంలో పక్కవాటంగా కూర్చుని ఊరుకోండి. అరగంట పట్టవచ్చు. తేరుకున్నాక నీళ్లివ్వండి. "ఎందుకు చేశావు" అన్న విచారణ ఆ రోజు వద్దు, అతనికి తెలిసి చేసింది కాదు. మీ నోట్‌బుక్‌లో దానికి ముందు గంటసేపు ఏం జరిగిందో రాసుకోండి. అకస్మాత్తుగా మొదలై, కొన్ని క్షణాలు స్పృహ లేనట్టు చూపు నిలిచిపోతుంటే, ఇంటివాళ్లతో చెప్పి డాక్టరుకు చూపించాలి. ఆటిజంతో పాటు మూర్ఛ ఉండే పిల్లలు తక్కువేమీ కాదు.

ఇప్పుడు హెచ్ఎం గారి మాట. ఆయన మంచి మనసుతోనే అన్నారని మీరు రాశారు, నమ్ముతున్నాం. కానీ బిడ్డ అక్కడ, హాజరు ఇక్కడ అంటే రికార్డు అబద్ధమవుతుంది. దారిలో ఏమైనా జరిగితే మొదట చిక్కుకునేది ఆయనే, మీరే. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కు 2016 చట్టం సెక్షన్ 31 ఇచ్చింది. ఎంచుకోవడం బిడ్డది, ఇంటివాళ్లది. అతనికి తగినట్టు సహాయం ఏర్పాటు చేయడం బడి బాధ్యత అని సెక్షన్ 16 చెబుతోంది. అయితే భవిత కేంద్రాన్ని వదులుకోనూ వద్దు. వారంలో ఒక పూట, ఎప్పుడూ అదే రోజు, పట్టీలో రాసి పంపండి, ఆ పూట హాజరు ఉన్నది ఉన్నట్టు రాయండి.

అంతకంటే ముఖ్యం, అక్కడ ఈ పిల్లలకు బోధించే ప్రత్యేక టీచరు, ఐఈఆర్‌టీ గారిని మీ బడికి రప్పించడం. "వచ్చి చూడండి" అంటే వచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్లడంతో ముగుస్తుంది. హెచ్ఎం గారి ద్వారా మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఉత్తరం పెట్టి, సమగ్ర శిక్ష పథకం జిల్లా కార్యాలయంలో సహిత విద్య (ప్రత్యేక అవసరాల పిల్లలను మామూలు బడిలోనే చదివించడం) చూసేవారికి ప్రతి పంపండి. అందులో అడగాల్సింది స్పష్టంగా రాయండి: రెండు పీరియడ్లూ, వాటి మధ్య విరామమూ తరగతి వెనక కూర్చుని గమనించాలి, మీతో, తల్లితో కలిసి వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలి, స్టాఫ్ అందరికీ ఒక గంట చెప్పాలి, నెలకోసారి వచ్చి సరిచూడాలి. ప్రణాళికలో మూడు లక్ష్యాలకు మించి వద్దు, అవీ లెక్కపెట్టగలిగేవి కావాలి. "బాగా ప్రవర్తిస్తాడు" అని రాస్తే ఎవరూ కొలవలేరు. "వారంలో నాలుగు రోజులు, లేవకముందే కార్డు పెడతాడు" అంటే కొలవచ్చు. హైస్కూలు స్థాయిలో 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ అన్న నిష్పత్తిని కేంద్రం 2022లో ఖరారు చేసింది. మీ బడిలోనూ, చుట్టుపక్కల బడుల్లోనూ అలాంటి పిల్లలెందరో లెక్క తీసి అదే ఉత్తరంలో రాయండి. అయినా నిపుణులు వారానికి ఒక గంట ఉంటే గొప్ప. ఆ గంటలో వాళ్లు బిడ్డను పక్కకు తీసుకెళ్లి అక్షరాలు దిద్దించడం కంటే, మిగతా పీరియడ్లన్నిటిలో మీరేం చేయాలో చూపించడం వెయ్యి రెట్లు మేలు.

నెల్లూరులో దివ్యాంగుల కోసం సీఆర్సీ అనే కేంద్ర ప్రభుత్వ సేవా కేంద్రం ఉంది, సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఆధ్వర్యంలో నడుస్తుంది. మాట శిక్షణ, ఆక్యుపేషనల్ థెరపీ, మానసిక పరీక్షలు అక్కడ ఉంటాయి. శబ్దం, తాకిడి, చేతిరాత విషయంలో బడికి సూచనలు రాతపూర్వకంగా ఇవ్వమని అడిగి తెచ్చుకోమనండి. సర్టిఫికెట్‌లో ఏం రాశారో కూడా ఒకసారి చదవండి. ఆటిజం 2016 చట్టంతోనే ప్రత్యేక వైకల్యంగా జాబితాలో చేరింది. ఇప్పటికీ కొందరికి బుద్ధిమాంద్యం అనే రాసి ఉంటుంది. ఆటిజానికి 40 అంశాల ఐఎస్ఏఏ అనే కొలమానం వేరే ఉంది. తప్పుంటే ఇప్పుడే సరిచేయించి, దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీలో కూడా అదే వచ్చేలా చూడాలి. పదో తరగతిలో లేఖకుడు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం అడిగేటప్పుడు ఆ కాగితమే ఆధారం. అది ఇంకా నాలుగేళ్ల దూరంలో ఉన్న మాట. కానీ లేఖకుడికి చెప్పి రాయించడం ఎనిమిదో తరగతి నుంచే అభ్యాసం చేయించాలి. పబ్లిక్ పరీక్ష రోజున కొత్త మనిషిని పక్కన కూర్చోబెడితే బిడ్డ నోరు తెరవడు.

వరండాలో ఉన్న ఆ తల్లిని ఒక్కరోజులో పంపేయకండి. మొదటి వారం అక్కడే, రెండో వారం స్టాఫ్ రూమ్ దగ్గర, మూడో వారం భోజనాల తర్వాత ఇంటికి, ఆ తర్వాత పదకొండింటికి. ప్రతి మార్పూ పట్టీలో "అమ్మ ఇంటికి వెళ్తుంది, నాలుగింటికి గేటు దగ్గర ఉంటుంది" అని ఉండాలి, చెప్పకుండా జారుకోవడం వద్దు. ఇంటికీ బడికీ మధ్య ఒక నోట్‌బుక్ తిప్పండి, రోజుకు రెండు వాక్యాలు. అందులో ఫిర్యాదులే ఉంటే వారంలో ఆమె తెరవడం మానేస్తుంది. రాత్రి నిద్ర పట్టిందా, పొద్దున ఏం తిన్నాడు అన్నవి ఆమె నుంచి వస్తే, ఆ రోజు ఎన్ని విరామాలు ఇవ్వాలో మీకు ముందే తెలుస్తుంది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం గుంట, పట్టీ, కార్డు. వచ్చే వారం భోజనాల లైను, ఒక పేజీ కాగితం. నోట్స్ జిరాక్సులు మూడో వారం. ఎంఈఓ గారికి ఉత్తరం మాత్రం రేపే పెట్టండి, దానికి టైము పడుతుంది. సంక్రాంతి సెలవులు ఇచ్చే రోజు, తిరిగి తెరిచే రోజు పట్టీని అతని సంచిలో పెట్టి పంపండి. సెలవుల చివరి రెండు రోజులూ అమ్మ దాన్ని గోడకు తగిలిస్తుంది.